సొంత మైదానంలో తక్కువ కొట్టిన మనిషి

ఒడీలియాలో పాలకేంద్రం మూతపడి ముప్పై ఏళ్లు దాటింది. అయినా వెరోనా థీసెన్ పేరు చెబితే ఆ ఊరి పెద్దవాళ్లకు ముందు పాలు గుర్తొస్తాయి, ఆ తర్వాతే బేస్‌బాల్.

పందొమ్మిదో ఏట ఆమె పాలకేంద్రంలో చేరింది. రైతులు తెచ్చిన పాలను గాజు గొట్టాల్లో పోసి, యాసిడ్ కలిపి, యంత్రంలో గిర్రున తిప్పితే వెన్న పైకి తేలుతుంది. ఆ వెన్న ఏ గీత దగ్గర ఆగిందో చూసి రాయడం ఆమె పని. ఆ అంకెను బట్టే రైతుకు డబ్బు. కొన్నిసార్లు అది రెండు గీతల మధ్య ఆగి, ఎటూ తేలనిచ్చేది కాదు. అప్పుడు ఊళ్లో అందరికీ పై అంకె రాసేది. ఒక్క తన తండ్రికి మాత్రం కింది అంకె రాసేది. ముసలాయన రెండు వారాలు కూతురితో మాట్లాడలేదు. ఎదురుగా కూర్చున్న పిల్లను వదిలేసి, ఉప్పు అందించమని వంటింట్లో ఉన్న భార్యను కేకేసేవాడు. మూడో వారం చర్చి మెట్ల మీద ఎవరో, "కన్నతండ్రికే తగ్గించిన పిల్ల, మనకు మోసం చేస్తుందా?" అన్నారు. ఆ మాట విన్నాక ముసలాయన ఛాతీ విరుచుకుని తిరిగాడు. వెరోనాకు న్యాయం అంటే అదేనని ఆ రోజే స్థిరపడిపోయింది. సొంతవాళ్లకు ఓ గీత తగ్గిస్తే లోకానికి సరిపోతుందన్నమాట. పందొమ్మిదేళ్ల పిల్ల అలా అనుకుంటే తప్పేముంది? డెబ్బై అయిదేళ్లొచ్చినా అలాగే అనుకుంటూ కూర్చుంటేనే వస్తుంది చిక్కంతా.

అలాంటి మనిషి చేతికి 1964లో ఊరి జట్టు స్కోరు పుస్తకం వచ్చింది. అంతవరకూ దాన్ని చర్చి ఫాదర్ రాసేవాడు. ఆయన చూపు మందగించి, ఎడమ వైపు ఆడేవాణ్ణి కుడి వైపువాడిగా రాయడం మొదలుపెట్టాక, ఊరివాళ్లు నచ్చజెప్పి పెన్సిల్ లాక్కుని పాలకేంద్రం అమ్మాయికి ఇచ్చారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మంచు కరిగిందంటే ప్రతి ఊళ్లోనూ ఒక జట్టు లేచి కూర్చుంటుంది. ఆదివారం ప్రార్థన, భోజనం, ఆ తర్వాత ఆట. గెలిస్తే బీరు, ఓడితే కూడా బీరే. బ్యాట్ పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్ వెనక కోళ్ల జాలీ కొట్టిన చెక్క గది ఒకటుంది. వెరోనా అందులో కూర్చునేది.

స్కోరు రాయడం అంటే పరుగులు లెక్కబెట్టడం కాదు. అది ఎవరైనా చేస్తారు. ఒకడు బంతిని కొట్టి పరుగెత్తాడు, అవుట్ కాకుండా మొదటి మజిలీ, అంటే బేస్, చేరాడు. అది కొట్టినవాడి గొప్పా, పట్టలేకపోయినవాడి తప్పా? గొప్పైతే హిట్. తప్పైతే ఎర్రర్. హిట్ అయితే కొట్టినవాడి లెక్కలో పడుతుంది. ఎర్రర్ అయితే వాడికి ఏమీ రాదు సరికదా, అవతల బంతి వదిలేసినవాడి పేరు పక్కన ఒక మచ్చ పడుతుంది. తీర్పు చెప్పేది స్కోరు రాసే మనిషి. చెప్పడానికి రెప్పపాటు సమయం. ఒడీలియా మైదానంలో స్కోరు బోర్డు మీద రెండు బల్బులుండేవి, ఆకుపచ్చదొకటి, ఎర్రదొకటి. వెరోనా గదిలో రెండు మీటలు. ఆకుపచ్చ వెలిగితే హిట్, ఎరుపు వెలిగితే ఎర్రర్. మొత్తం మైదానం తల తిప్పి ఆ బల్బుల వైపు చూసేది.

ఆమె భర్త ఎల్‌రాయ్ ఆ మైదానంలోనే 1966 నుంచి 1984 వరకూ ఎడమచేత్తో బ్యాట్ పట్టాడు. వారమంతా దాణా మిల్లులో బస్తాలు మోసేవాడు. మాట్లాడితే ఎక్కడ మాటలు అరిగిపోతాయోనన్నట్టు ఉండేవాడు. బంతిని ఆకాశంలోకి లేపి, కంచె అవతల మొక్కజొన్న చేలో పడేసి, జనం చేత ఈలలు వేయించుకునే రకం కాదు. నేలను రాసుకుంటూ, ఇద్దరి మధ్య సందు చూసుకుని, తలుపు కింద నుంచి పిల్లి దూరినట్టు దూరిపోయే దెబ్బలు అతనివి. అందుకే అతని దెబ్బలు ఎవరికీ గుర్తుండవు. అతను ఎప్పుడు చూసినా బేస్ మీద ఉండేవాడన్నది మాత్రం అందరికీ గుర్తు.

కౌంటీ లీగుకు ఒక ఘన ఆటగాళ్ల పట్టిక ఉంది. అందులో పేరెక్కితే, ఆటగాడి ఊళ్లోనే మైదానం గోడకు ఇత్తడి ఫలకం కొడతారు. పదేళ్లు ఆడి ఉండాలి, వెయ్యిసార్లు బ్యాట్ పడితే మూడొందల యాభై హిట్ల చొప్పున కొట్టి ఉండాలి. ఆఖరి ఆట ఆడిన ముప్పై అయిదేళ్లలోపే పేరు పరిశీలించాలి, ఆ తర్వాత ఇక ఎత్తకూడదు. ఎల్‌రాయ్ మొత్తం పందొమ్మిది వందలసార్లు బ్యాట్ పట్టాడు. ఆరొందల అరవై అయిదు హిట్లు కావాలి. అతని లెక్కలో ఉన్నవి ఆరొందల అరవై ఒకటి. నాలుగంటే నాలుగు తక్కువ. 2019 ఫిబ్రవరిలో కమిటీ కూర్చునేటప్పటికి అతనికి అదే ఆఖరి అవకాశం.

ఆ కమిటీలో వెరోనా కూడా సభ్యురాలే. ఏటా భర్త పేరు చదవగానే లేచి, "కాఫీ తెచ్చుకుంటా" అని కిందికి వెళ్లేది. పది నిమిషాలకు కాఫీ పట్టుకుని వచ్చేది. ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు, ఆమె అడిగేదీ కాదు. పన్నెండేళ్లు అలాగే గడిచాయి. లోపల ఆశ లేదని చెబితే అబద్ధం. ఆ గోడ మీద ఎల్‌రాయ్ పేరు చూడాలని ఆమెకు ఎంత ఉండేదో ఆమెకే తెలుసు. ఎవరికైనా చెబితే పక్షపాతం అవుతుందని భయం.

సమావేశం ఎప్పుడూ ఫిబ్రవరి రెండో శనివారం, ఫైర్ స్టేషన్ మేడమీది గదిలో. అదే ఉదయం కింద ఫైర్‌మెన్ ఊరందరికీ పాన్‌కేకులూ సాసేజ్‌లూ వండి పెడతారు. పాన్‌కేకులు తిప్పడం ఇరవై ఏళ్లుగా ఎల్‌రాయ్ పని. పైన అతని సంగతి తేలుతుంటే, కింద అతను ఏప్రన్ కట్టుకుని పిండి పోస్తుండేవాడు. వేగే వాసన మెట్లెక్కి పైకి వచ్చేది.

ఆ ఏడు గదిలో ఒక కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు. కొత్త అంటే ఆ గదికి కొత్త, వెరోనాకు కాదు. సభ్యుడు కాదు, ఓ మాట చెప్పడానికి వచ్చాడు. బ్రాండ్‌లేక్ ఊరి క్లీటస్ వీబర్. ముందు ఆటగాడు, మోకాలు పోయాక ఆ జట్టు స్కోరర్. ఆట అయ్యాక రెండు జట్ల స్కోరర్లూ పుస్తకాలు పక్కపక్కన పెట్టి సరిచూసుకోవడం ఆచారం. తేడా వస్తే సొంత మైదానం పుస్తకానిదే చివరి మాట. వెరోనా, క్లీటస్ సరిచూసుకోవడం మొదలుపెడితే ఒక్కోసారి ఆటకంటే ఎక్కువసేపు పట్టేది. ఒకసారి ఒకే ఒక బంతి గురించి చీకటి పడి దోమలు తరిమేదాకా పోట్లాడుకున్నారు. ముప్పై ఏళ్లు ఒకరి ముఖం ఒకరికి పడలేదు, కానీ ఒక్క ఆదివారం కూడా ఒకరిని వదిలి ఒకరు ఉండలేదు. ఇప్పుడు క్లీటస్ కాళ్ల దగ్గర మూడు అట్టపెట్టెలున్నాయి.

కమిటీ పెద్ద మార్లిన్ గోబెల్ ఇన్సూరెన్స్ చేసేవాడు, మంచివాడు, ఎవరినీ నొప్పించలేడు. అతను గొంతు సవరించుకుని ఎల్‌రాయ్ పేరు చదివాడు. వెరోనా లేచింది.

"ఎక్కడికి వెరోనా?" అన్నాడు క్లీటస్.

"కాఫీకి. నా మొగుడి పేరొచ్చింది, వినబళ్లేదా?"

"కాఫీ ఎక్కడికీ పారిపోదులే, కూర్చో. ఇప్పుడు తేలాల్సింది నీ మొగుడి సంగతి కాదు, నీ సంగతి."

వెరోనా ముఖం జేవురించింది. మార్లిన్ మధ్యలో చెయ్యి పెట్టాడు.

"క్లీటస్ గారూ, ఎల్‌రాయ్ లెక్క అందరికీ తెలిసిందే కదండీ. నాలుగు తక్కువ. మాకూ కష్టంగానే ఉంది, కానీ గీత గీతే."

"గీతని చెరపమని ఎవడడిగాడు? నువ్వు లెక్కలవాడివి, ఒక మాట చెప్పు. ఏ ఆటగాడైనా సొంతూళ్లో బాగా కొడతాడా, పరాయి ఊళ్లోనా?"

"సొంతూళ్లోనేనండీ. అలవాటైన మైదానం, అలవాటైన గాలి..."

"ఇంటి తిండి కూడా. మరి ఈయన సంగతి విను. పరాయి ఊళ్లలో తొమ్మిదొందల యాభైసార్లు బ్యాట్ పట్టి మూడొందల యాభై రెండు కొట్టాడు. సొంతూళ్లో సరిగ్గా అన్నేసార్లు పట్టి మూడొందల తొమ్మిది. లీగులో వందమంది పుస్తకాలు తిరగేశా మార్లిన్. సొంత మైదానంలో తక్కువ కొట్టిన మనిషి ఇతనొక్కడే. ఎందుకంటావ్? ఇంటి తిండి పడలేదా?"

ఎవరో నవ్వారు. వెరోనా నవ్వలేదు. ఆమెకు అప్పటికే అర్థమైపోయింది.

"పరాయి ఊళ్లలో పుస్తకం రాసింది పరాయివాళ్లు," అన్నాడు క్లీటస్ నెమ్మదిగా. "సొంతూళ్లో రాసింది ఇదిగో, ఈవిడ."

"నా పుస్తకం తప్పంటావా?"

"తప్పనలేదమ్మా. మరీ ఒప్పంటున్నా."

యాభై అయిదేళ్లలో వెరోనా పుస్తకాన్ని ఆ మాట అన్నవాడు లేడు. ఆమె చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చుండిపోయింది. క్లీటస్ పెట్టెలు విప్పాడు. రెండు శీతాకాలాలు కౌంటీ అంతా తిరిగి, ఎవరి నేలమాళిగలో, ఎవరి అటక మీద దొరికినవి అక్కడ పోగుచేసిన స్కోరు పుస్తకాలవి. ఒడీలియాకు ఆడటానికి వచ్చిన జట్లు తమ కోసం రాసుకున్నవి. ఎల్‌రాయ్ బంతుల్లో వెరోనా ఎర్రర్ అని రాసి, వచ్చిన జట్టువాళ్లు హిట్ అని రాసినవి ముప్పై ఒకటి తేలాయి. ఒక్కో బంతికి ఒక్కో చీటీ రాసి తెచ్చాడు.

"ఓహో, పెద్ద ఆధారమే తెచ్చావ్!" వెరోనా విరుచుకుపడింది. "వాళ్ల పుస్తకంలో హిట్టని ఉందా? ఉండకేం చేస్తుంది! వాళ్ల కుర్రాడు చేతులారా వదిలేసిన బంతిని తప్పని రాసుకుంటారా ఎవరైనా? కాకిపిల్ల కాకికి ముద్దు."

"బాగా చెప్పావ్. మరి నీ కాకిపిల్ల నీకెందుకు ముద్దు కాలేదు వెరోనా?"

వెరోనా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. కింద పళ్లేల చప్పుడు వినిపిస్తోంది. ఎల్‌రాయ్ గొంతు ఎవరినో "ఇంకో రెండు వెయ్యనా?" అని అడిగింది. పైనున్న అందరూ ఆ మాట విన్నారు.

మార్లిన్ మెల్లగా నిబంధనల పుస్తకం తీశాడు. సొంత మైదానం స్కోరరు మాటే చివరి మాట అని అందులో ఉంది. ఆ స్కోరరు తన తీర్పును మార్చుకోకూడదని గానీ, ఇన్నాళ్లలోపే మార్చుకోవాలని గానీ ఎక్కడా లేదు. "మిసెస్ థీసెన్, మీరు ఓటు వెయ్యొద్దు. కానీ ఈ చీటీలు చూసి, ఒక్కోటి ఏమిటో చెబుతారా? మీ మాటే మాకు ఖాయం."

"చెబుతా," అంది వెరోనా. "కానీ నాకు నాలుగు కావాలని నాలుగు ఇవ్వను. ముందే చెబుతున్నా."

"నువ్విస్తావని ఎవరికుంది ఆశ?" అన్నాడు క్లీటస్.

ఆమె కళ్లజోడు తుడుచుకుని మొదటి చీటీ తీసింది. అందరూ ఆశ్చర్యపోయారు. చదివిన ఒక్కో బంతీ ఆమెకు గుర్తుంది. ఏ బంతి ఎటు వెళ్లిందో, పట్టలేకపోయినవాడి తల్లి ఎవరో కూడా చెప్పింది. "ఇది మూడో బేసువాడి కాళ్ల మధ్య నుంచి పోయింది. వాడు వంగనే లేదు. ముందు రోజు ఎవరి పెళ్లిలోనో తాగొచ్చాడు. ఎర్రర్." పక్కన పెట్టింది. "ఇది చేతి తొడుగులో పడి బయటికొచ్చింది. ఎర్రర్." పక్కన పెట్టింది. "ఇదా? వీడు విసిరితే బంతి పాప్‌కార్న్ అమ్మే బండి కింద దొరికింది. దీన్ని హిట్టంటారా సిగ్గులేకుండా?" అది కూడా పక్కన పెట్టింది. క్లీటస్ ఒకటి రెండు చోట్ల నోరు తెరవబోయి, ఆమె చూపు చూసి మూసుకున్నాడు.

పన్నెండో చీటీ దగ్గర ఆగింది. 1973, వాన పడి వెలిసిన రోజు. గడ్డి తడిసి ఉంది. బంతి ఎగరాల్సిన చోట ఎగరకుండా జారింది. దాన్ని ఎవరూ పట్టలేరు. ఇంకెవరు కొట్టినా ఆకుపచ్చ మీటే నొక్కి ఉండేది. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు తెలిసింది. రెండు గీతల మధ్య ఆగిన వెన్న. తండ్రికి కింది అంకె రాసినట్టే రాసింది.

"హిట్టు," అంది. ఆ చీటీని విడిగా పెట్టింది.

పందొమ్మిదోది ఎండ కళ్లల్లో పడి కనబడని బంతి. అదీ హిట్టు. ఇరవై నాలుగోది నేల ఉడుత తవ్విన బొరియకు తగిలి పక్కకు దూకింది. అదీ హిట్టే. చీటీలు అయిపోయేసరికి పదకొండైంది. హిట్లు మూడు తేలాయి.

మార్లిన్ లెక్క మళ్లీ చూసుకున్నాడు. ఆరొందల అరవై నాలుగు. ఒకటి తక్కువ. పాపం అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వంటింటి దాకా వచ్చి వడ్డన దగ్గర ఆగిపోయినట్టుంది," అన్నారెవరో.

క్లీటస్ మాత్రం వెరోనా వైపే చూస్తున్నాడు. "ముప్పై ఒకటి తెచ్చా. నువ్వు చదివింది ముప్పై. ఇంకోటి నీ మోచేతి కింద ఉంది."

ఉంది. అది మొదట్లోనే చేతికొచ్చింది. తారీఖు చూసి మోచేతి కింద పెట్టుకుంది. 1968 జూన్, ఆదివారం, బ్రాండ్‌లేక్ మీద ఆట. దానికి ముందు రోజు శనివారం వెరోనాకు, ఎల్‌రాయ్‌కి పెళ్లైంది.

పెళ్లైన మర్నాడు కొత్త పెళ్లికూతురు వచ్చి జాలీ గదిలో కూర్చుంటుందని ఎవరూ అనుకోలేదు. సరస్సు ఒడ్డుకు విహారం వెళ్లడం ఆట అయ్యాకే అని మొగుడూ పెళ్లాలిద్దరూ ముందే మాట్లాడుకున్నారు. ఆ ఉదయం చర్చి బయట ఆమె పినతల్లి, ఇంకో నలుగురు ఆడవాళ్లు చుట్టూ చేరారు. "ఇకనేం తల్లీ, నీ మొగుడు దగ్గినా హిట్టే, తుమ్మినా హిట్టే!" అని ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. వాళ్లకు అది సరదా. ఆమెకు మాత్రం ముల్లులా గుచ్చుకుంది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. అలా ఉంది ఆమె పరిస్థితి. నాలుగో ఇన్నింగ్స్‌లో ఎల్‌రాయ్ కొట్టిన బంతి రెండో బేసుకు, మూడో బేసుకు మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ ముందు పడి, రాయికి తగిలి అడుగున్నర ఎగిరి, అతని భుజాన్ని కొట్టుకుని పోయింది. చంటిపిల్లాణ్ణి అడిగినా హిట్టంటాడు. మైదానం మొత్తం బల్బుల వైపు కాదు, ఆమె వైపు తిరిగింది. పినతల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. వెరోనా ఎర్ర మీట నొక్కింది.

అప్పుడు అందరూ తల తిప్పి వెలిగిన ఎర్ర బల్బు చూశారు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. ఒడీలియా మైదానంలో స్కోరరుకు చప్పట్లు కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ చప్పట్లే ఆమెను పట్టేశాయి. మొదటి బేస్ మీద నిలబడ్డ ఎల్‌రాయ్ టోపీ తీసి, ఆమె గది వైపు వంగి, మళ్లీ పెట్టుకున్నాడు.

వెరోనా చీటీని బల్ల మీద పెట్టింది.

"ఆ మూడూ నాకు తెలియక రాసినవి," అంది. "ఇది తెలిసి రాశా. అప్పుడే తెలుసు నాకు, అది హిట్టని. జనం ఏమంటారోనని ఎర్రర్ నొక్కా. నా జన్మలో నా చేత్తో నేను రాసిన అబద్ధం ఇదొక్కటే. అది కూడా నా మొగుడి మీదే రాశా."

అని ఏడ్చేసింది. వెరోనా ఏడవగలదని ఆ గదిలో ఎవరికీ తెలియదు. మార్లిన్ కాగితపు రుమాళ్ల కోసం జేబులన్నీ తడుముకుని, చివరికి ఇన్సూరెన్స్ కాగితం ఒకటి అందించాడు.

క్లీటస్ తన ఎడమ భుజం మీద చెయ్యి వేసుకుని రుద్దుకున్నాడు. "వానొస్తే ఇప్పటికీ సలుపుతుంది," అన్నాడు.

"నువ్వా షార్ట్‌స్టాప్‌వి!" మార్లిన్ కళ్లు పెద్దవయ్యాయి.

"కాకపోతే? ఆ ఏడాదంతా నా పేరు మీద ఉన్నది అదొక్క ఎర్రరే. అది లేకపోతే సీజన్ మొత్తం మచ్చ లేని షార్ట్‌స్టాప్‌ని నేనే. లీగులో అంతవరకూ ఒక్కడూ లేడు. మోకాలు పోయాక ఆ కోపంతోనే పెన్సిల్ పట్టా. మీరేమో ఎల్‌రాయ్ మీద ప్రేమతో పెట్టెలు మోసుకొచ్చా అనుకుంటున్నారు. నా ఎర్రర్ నేను తీసేయించుకోడానికొచ్చా."

వెరోనా కన్నీళ్లలోనే ఫక్కున నవ్వింది. "యాభై ఏళ్లు పోట్లాడింది దీనికా? ఆ రోజే అడగొచ్చుగా!"

"అడిగా. 'సొంత మైదానం పుస్తకానిదే చివరి మాట' అన్నావ్. పెళ్లినాటి పూలు ఇంకా తలలోనే ఉన్నాయి నీకు."

మార్లిన్ ఆఖరిసారి అడిగాడు. "మరి మిగతా ఇరవై ఏడు, మిసెస్ థీసెన్?"

"ఎర్రర్లే," అంది ముక్కు తుడుచుకుంటూ. "అందులో ఒక్కటి మార్చినా నేను ఒప్పుకోను."

ఆరు చేతులు లేచాయి. క్లీటస్‌కు ఓటు లేకపోయినా అతనూ ఎత్తాడు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ చెట్టు కింద యాభై ఏళ్లు కాపరం చేసిన మనిషి మెట్లు దిగి వంటగదిలోకి వెళ్లింది. జనం పల్చబడ్డారు. ఎల్‌రాయ్ ఆఖరి పిండి గీరి పెనం మీద పోస్తున్నాడు.

"కాఫీ అయిపోయింది. కొత్తది పెట్టనా?" అన్నాడు.

"నీ పేరు ఖాయమైంది."

అతను అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత పాన్‌కేక్ మాడుతోందని గుర్తొచ్చి తిప్పాడు. "నాలుగు తక్కువ కదా?"

ఆమె మొత్తం చెప్పింది. పెళ్లి మర్నాటి బంతి గురించి చెప్పేటప్పుడు అతని ముఖం చూడలేక పొయ్యి వైపు చూస్తూ చెప్పింది.

"తెలుసు," అన్నాడు ఎల్‌రాయ్.

"ఏం తెలుసు?"

"అది హిట్టని. క్లీటస్ భుజానికి తగిలిన చప్పుడు నాకు బేస్ దాకా వినబడింది."

"మరి ఒక్కనాడు కూడా అడగలేదేం?"

"పెళ్లై ఒక రోజైనా కాలేదు. మొదటి పోట్లాట హిట్టు గురించేనా అనుకున్నా." కాస్త ఆలోచించాడు. అతను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అరుదు. "జనం నీకు చప్పట్లు కొట్టారు కదా. ఆ పిల్ల నా పెళ్లాం అనుకున్నా. ఆ రోజు ఇంకేం కావాల్సి రాలేదు నాకు."

ఆమె అతని ఏప్రన్ పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఎల్‌రాయ్ పెనం మీది పాన్‌కేక్ పళ్లెంలో వేసి ఇచ్చాడు. ఒక పక్క నల్లగా మాడింది. ఆమె మొత్తం తినేసింది.

జూన్‌లో, మంచి ఎండ ఉన్న ఆదివారం, ఒడీలియాలో బ్రాండ్‌లేక్ మీద ఆట పెట్టి ముందుగా ఫలకం ఇచ్చారు. క్లీటస్ ఆ ఉదయమే వచ్చి 1968 పుస్తకం తెరిపించాడు. వెరోనా అతని పేరు పక్కన మచ్చను ఒక గీతతో కొట్టేసి, కింద తారీఖు వేసి సంతకం పెట్టింది. గీత సరిగ్గా పడిందో లేదో అతను కళ్లజోడు మార్చి మరీ చూసుకున్నాడు. ఆ తర్వాత జాలీ గదిలో ఆమె పక్క కుర్చీలో సాసేజ్ తింటూ కూర్చున్నాడు.

మార్లిన్ మైకులో ఎల్‌రాయ్ పేరు పిలిచాడు. మోకాళ్లు సహకరించక మెల్లగా నడుచుకుంటూ అతను మొదటి బేస్ దగ్గరికి వచ్చి ఆగాడు. ఫలకం అక్కడే ఇమ్మని అతనే అడిగాడట. అందుకున్నాడు. అందరూ ఏదైనా మాట్లాడతాడేమోనని చూశారు. అతనేం మాట్లాడతాడు?

వెరోనా చెయ్యి మీటల మీదికి వెళ్లింది. ఆకుపచ్చది నొక్కింది. బోర్డు మీద పాత బల్బు ఒకసారి మిణుకుమని, తర్వాత నిలిచి వెలిగింది.

"ఇప్పటికైనా!" అన్నాడు క్లీటస్ నోటినిండా సాసేజ్‌తో.

ఎల్‌రాయ్ తల తిప్పి బోర్డు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత టోపీ తీసి, జాలీ గది వైపు వంగి, మళ్లీ పెట్టుకున్నాడు.